కుందేలుకి నొప్పి ఉందని కనిపెట్టడం ఎలా

కుక్కకి నొప్పొస్తే మూలుగుతుంది. మేకకి నొప్పొస్తే వీధి చివరిదాకా వినిపించేలా అరుస్తుంది. కుందేలు నోరెత్తదు. నక్కలూ గద్దలూ తిరిగే చోట బతికిన జాతి అది. ఒంట్లో బాగోలేదని బయటపడితే ముందు తననే పట్టుకుపోతాయన్న భయం దాని రక్తంలోనే ఉంది. మన ఇంట్లో, మన గచ్చు మీద, మన చేతి గడ్డి తింటూ పెరిగినా ఆ భయం పోదు. దాని నొప్పి మనకి వినిపించదు. చూసి పట్టుకోవాలి.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా మొదటి కుందేలు పేరు పింజ. సంతలో వెదురు బుట్టలో పెట్టి అమ్ముతుంటే పిల్లలు పట్టుబట్టి కొనిపించారు. రథయాత్ర రోజుల్లో, ముసురు పట్టిన ఒక ఉదయం, అది గూట్లో ఓ మూల ముడుచుకుని కూర్చుంది. వానకి చలేస్తోందనుకున్నాను. మధ్యాహ్నం గరిక వేస్తే ముట్టలేదు. ఇంటినిండా చుట్టాలు, ఆ సందడికి బెదిరిందనుకున్నాను. మర్నాడు పొద్దున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "చివరగా ఎప్పుడు తిందమ్మా?"

"నిన్న పొద్దున్న తిన్నట్టే ఉందండి."

"పెంటికలు ఎప్పుడు వేసింది?"

నా దగ్గర జవాబు లేదు. ట్రే కడిగింది నేనే. కడిగాను గానీ చూడలేదు. పింజ ఆ రాత్రి దాటలేదు. పొట్ట కదలిక ఆగిపోయి అప్పటికే రోజు గడిచిపోయిందని డాక్టరుగారు చెప్పారు. ఆ తర్వాత పెంచిన కుందేళ్ళ దగ్గర, వాటిని చూసిన డాక్టర్ల దగ్గర నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఖర్చుతో పని ఏదీ లేదు. రోజుకి పావుగంట చాలు.

ముందు, బాగున్నప్పుడు ఎలా ఉంటుందో చూడండి

నొప్పి గుర్తులు వెతికే ముందు ఒక వారం రోజులు ఆరోగ్యంగా ఉన్న మీ కుందేలునే గమనించండి. ఇది చాలామంది వదిలేసే పని, అన్నిటికంటే ముఖ్యమైన పని కూడా. ఒక కుందేలు పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది, ఇంకోటి రోజంతా గెంతుతూనే ఉంటుంది. మీ దానికి ఏది మామూలో మీకు తెలిస్తేనే, ఏది తేడాయో తెలుస్తుంది.

కుందేలు తెల్లవారుజామునా సాయంసంధ్య వేళా చురుగ్గా ఉంటుంది. మధ్యాహ్నం పడుకుంటే అది జబ్బు కాదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కూడా లేవకపోతేనే ఆలోచించాలి. మెలకువగా ఉన్నప్పుడు ముక్కు అదురుతూనే ఉంటుంది, నిమిషానికి 20 నుంచి 120 సార్లదాకా. హాయిగా ఉన్న కుందేలు కాళ్ళు కిందికి మడుచుకుని మూటలా కూర్చుంటుంది, లేదా వెనక కాళ్ళు బారజాపి పడుకుంటుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి ధబ్బున పక్కకి పడిపోతుంది. మొదటిసారి చూసినవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి అది దానికి ఎంతో నిశ్చింతగా ఉన్నప్పుడు చేసే పని.

రోజూ వేసే గరిక ఎన్ని పిడికిళ్ళు, అందులో ఎంత మిగులుతోంది, నీళ్ళు ఎంత తాగుతోంది అనేవి ఓ నోటుపుస్తకంలో రాయండి. రెండు కిలోల కుందేలు రోజుకి దాదాపు 200 మిల్లీలీటర్ల నీళ్ళు తాగుతుంది. పచ్చగడ్డి, ఆకులు ఎక్కువ తింటే ఇంకా తగ్గుతుంది. వారానికోసారి వంటింటి కాటా మీద, లేకపోతే కిరాణా కొట్టు కాటా మీద, బుట్టలో కూర్చోబెట్టి తూకం వేయండి. వారంలో 100 గ్రాములు తగ్గితే చేత్తో తడిమితే తెలియదు, కాటా మీద తెలుస్తుంది. బాగున్న రోజున దాని ముఖాన్ని పక్కనుంచి, దగ్గరగా ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ ఫోటో అవసరం తర్వాత వస్తుంది.

రోజుకి రెండుసార్లు గిన్నె, ట్రే చూడండి

పొద్దున్న లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి. పళ్ళు తోముకోవడంలా ఇది అలవాటవ్వాలి.

కుందేలు పొట్ట ఆగకుండా నడవాల్సిన యంత్రం లాంటిది. అది వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్ళింది కిందినుంచి రావాల్సిందే. ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా, పంటిలోనైనా కాలిలోనైనా, తిండి తగ్గుతుంది. తిండి తగ్గితే పేగుల కదలిక తగ్గుతుంది. కదలిక తగ్గితే లోపల గాలి నిండి ఇంకా నొప్పి. నొప్పికి తిండి మరీ మానేస్తుంది. ఈ చక్రంలో ఒకసారి పడితే గంటలు లెక్కపెట్టుకోవాలి. 12 గంటలుగా ఏమీ తినని కుందేలు, పెంటికలు వేయని కుందేలు, అత్యవసర కేసు. "రేపటిదాకా చూద్దాం" అన్న మాట ఇక్కడ పనికిరాదు. నేను ఆ మాటే అనుకున్నాను.

మంచి పెంటిక బఠాణీ గింజంత, గుండ్రంగా, పొడిగా ఉంటుంది. వేళ్ళతో నలిపితే గడ్డి పొట్టులా విడిపోతుంది, వాసన ఉండదు. రోజుకి వందకు పైగానే వేస్తుంది. అవి చిన్నవైపోయినా, నల్లగా గట్టిపడినా, ఒక్కోటి ఒక్కో సైజులో వచ్చినా, వెంట్రుకలతో దండలా గుచ్చుకుని వచ్చినా లోపల ఏదో మొదలైందని గుర్తు. ఇవికాక ద్రాక్షగుత్తిలా అతుక్కుని మెత్తగా, మెరుస్తూ ఉండే ఇంకో రకం ఉంది. అవి మామూలుగా మనకి కనబడవు, ఎందుకంటే కుందేలు వాటిని వచ్చినవి వచ్చినట్టే నోటితో అందుకుని తినేస్తుంది. అందులో దానికి కావలసిన విటమిన్లు ఉంటాయి. చూసి అసహ్యపడి ఆపకండి. అయితే ఆ మెత్తటివి రోజూ ట్రేలో మిగిలిపోతుంటే ఆలోచించాలి. వెన్ను నొప్పివల్ల వంగలేకపోతోందా, ఒళ్ళు బాగా బరువెక్కిందా, గడ్డి తగ్గి చిరుతిళ్ళు ఎక్కువయ్యాయా?

చిరుతిళ్ళ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మా వైపు ప్రతి ఇంట్లో ముఢీ (మరమరాల) డబ్బా ఉంటుంది కదా, పిల్లలు తాము తింటూ గుప్పెడు కుందేలుకీ వేస్తారు. బిస్కెట్లు, అన్నం, అరటిపండు కూడా. తింటోంది కదా అని మురిసిపోతాం. కుందేలు పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళు వారానికి రెండు మిల్లీమీటర్ల చొప్పున. గరగరలాడే గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. మెత్తటి తిండి తిన్నదానికి దవడ పళ్ళు మొనదేలి నాలుకనీ బుగ్గనీ కోస్తాయి. వరిగడ్డి కింద పరుపుగా వేయడానికి మంచిది. తిండికి మాత్రం గరిక, పచ్చిదీ ఎండబెట్టిందీ, ఎప్పుడూ ముందుండాలి.

ముఖం చదవడం

దీనికి ఓ పద్ధతి ఉంది. 2012లో పరిశోధకులు, చెవి మీద గుర్తింపు పచ్చబొట్టు పొడిచేటప్పుడు కుందేళ్ళ ముఖాలు ఎలా మారుతున్నాయో గమనించి ర్యాబిట్ గ్రిమేస్ స్కేల్ అనే కొలత తయారుచేశారు. కళ్ళు, బుగ్గలు, ముక్కు, మీసాలు, చెవులు, ఈ ఐదింటినీ చూసి ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు వేయాలి. మార్పు లేకపోతే 0, కొంచెం ఉంటే 1, స్పష్టంగా ఉంటే 2. డాక్టర్ల కోసం చేసిందే అయినా ఇంట్లో మనం కూడా వాడుకోవచ్చు.

కుందేలు మెలకువగా ఉన్నప్పుడే చూడాలి. దాని కళ్ళ ఎత్తుకి మీ తల దించి, గచ్చు మీద కూర్చోండి. పైనుంచి వంగి చూస్తే బెదిరి చెవులు వాల్చేస్తుంది, అప్పుడు మీ లెక్క తప్పుతుంది.

కళ్ళు: బాగున్న కుందేలు కన్ను గుండ్రంగా, నిండుగా తెరుచుకుని ఉంటుంది. నొప్పితో ఉంటే రెప్పలు బిగిసి కన్ను సగానికి మూసుకుంటుంది. నిద్రమత్తులో రెప్ప వదులుగా వాలుతుంది. నొప్పిలో కంటి చుట్టూ కండ బిగుస్తుంది, మనం నిమ్మకాయ కొరికినప్పుడు బిగించినట్టు. ఈ తేడా ఒకసారి కంటికి తగిలితే ఇక మరిచిపోరు.

బుగ్గలు: మామూలుగా ఉబ్బెత్తుగా, దూది నింపినట్టు ఉండే బుగ్గ, నొప్పిలో చదునైపోతుంది. ముఖం పొడుగ్గా, కోణంగా కనిపిస్తుంది. తెల్ల కుందేళ్ళలో ఇది తేలిగ్గా కనబడుతుంది. నల్లవాటిలో, బొచ్చు ఎక్కువున్న వాటిలో కష్టం. అందుకే ఫోటో తీసి పెట్టుకోమన్నాను, పక్కపక్కన పెట్టి చూడండి.

ముక్కు: ముక్కు రంధ్రాల కింది అంచు మామూలుగా గుండ్రంగా తిరిగి ఉంటుంది. నొప్పిలో అది కిందికి లాగినట్టై మొనదేలుతుంది. అదురు కూడా తగ్గిపోవచ్చు, లేదా ఊపిరి అందనట్టు మరీ వేగమవ్వచ్చు.

మీసాలు: హాయిగా ఉంటే కిందికి వంపు తిరిగి వేలాడతాయి. నొప్పిలో తీగల్లా బిగుసుకుని అడ్డంగా నిలబడతాయి, లేదా బుగ్గలవైపు వెనక్కి పోతాయి.

చెవులు: దొప్పలా విచ్చుకుని ఉండే చెవి, నొప్పిలో గొట్టంలా చుట్టుకుపోతుంది. రెండూ వెనక్కి తిరిగి వీపుకి అంటుకుంటాయి. చెవులు కిందికి వేలాడే జాతి అయితే ఈ మార్కు వదిలేసి మిగతా నాలుగూ చూడండి.

ఒక్క గుర్తుతో నిర్ణయానికి రావద్దు. విశ్రాంతిగా ఉన్న కుందేలు కూడా చెవులు వెనక్కి వేస్తుంది. దీపావళి టపాసులకి భయపడింది కూడా చెవులు అంటించుకుని కూర్చుంటుంది. అయితే భయపడినదాని కళ్ళు పెద్దవై తెల్లగుడ్డు కనబడుతుంది, నొప్పిలో కళ్ళు చిన్నవవుతాయి. రెండు మూడు గుర్తులు కలిసి వచ్చి, పావుగంట తర్వాత చూసినా అలాగే ఉంటే, అది నొప్పే అనుకుని నడుచుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. మీరు గదిలో ఉన్నంతసేపూ కుందేలు బాగున్నట్టే కనిపించవచ్చు. ఎవరో చూస్తున్నారంటే నొప్పిని అదిమిపెట్టుకుంటుంది. ఫోను గూటి ముందు నిలబెట్టి, వీడియో ఆన్ చేసి, తలుపు దగ్గరగా వేసి 20 నిమిషాలు బయటికి వెళ్ళండి. మా రెండో కుందేలు గవ్వ విషయం నాకు అలాగే తెలిసింది. నా ఎదుట గరిక దగ్గరికి వచ్చి వాసన చూసేది, తింటోందనుకునేదాన్ని. వీడియోలో చూస్తే ఒక పరక నోట్లో పెట్టుకుని, తల ఓ పక్కకి వంచి, రెండుసార్లు నమిలి వదిలేసింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ వదిలేసింది. అలా ఐదుసార్లు. ఆకలేస్తోంది, తినలేకపోతోంది.

ఒళ్ళు చెప్పేది

నొప్పితో ఉన్న కుందేలు వీపు వంచి, కాలివేళ్ళ మీద బరువు మోపి, బిగుసుకుని కూర్చుంటుంది. పొట్ట నొప్పి అయితే పొట్టని నేలకేసి అదుముతుంది, ఒళ్ళు సాగదీస్తుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. ఒకచోట కుదురుగా ఉండలేక నిమిషానికోసారి జాగా మారుతుంది. ఉన్నట్టుండి ఉలిక్కిపడినట్టు చర్మం అదురుతుంది. ఎత్తుకోబోతే ఎప్పుడూ మెత్తగా ఉండేది గుర్రుమంటుంది, కరుస్తుంది. దానికి పొగరెక్కిందనుకుని కసరకండి.

పళ్ళ చప్పుడులో రెండు రకాలున్నాయి. నుదురు నిమురుతుంటే దవడ సన్నగా, గబగబా ఆడిస్తుంది. వేలు బుగ్గ మీద పెడితే తెలిసేంత చిన్న కదలిక అది, సుఖానికి గుర్తు. నొప్పి చప్పుడు వేరు. నెమ్మదిగా, గట్టిగా, రాయి మీద రాయి రాసినట్టు కిరకిరమంటుంది, గదిలో అవతలికి కూడా వినిపిస్తుంది. దాంతోపాటు కళ్ళు సగం మూసుకుని ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు.

ఒంటిని శుభ్రం చేసుకోవడం మానేస్తుంది. బొచ్చు రేగి, అట్టలు కడుతుంది. ముందు కాళ్ళ లోపలి బొచ్చు చూడండి. ముక్కు కారుతున్నా కళ్ళు కారుతున్నా ఆ కాళ్ళతోనే తుడుచుకుంటుంది, అక్కడ బొచ్చు తడిసి గట్టిపడి ఉంటుంది.

అరుపు గురించి. కుందేలు అరిచిందంటే, చిన్నపిల్ల కేకలాంటి సన్నటి అరుపు, అది భరించలేని నొప్పిలోనో ప్రాణభయంలోనో ఉందని. ఆ అరుపు కోసం ఎదురు చూసేవాళ్ళు చాలా ఆలస్యంగా తెలుసుకుంటారు.

ఎక్కడ నొప్పో వెతకడం

నేల మీద తువ్వాలు పరిచి, దాని మీద కూర్చోబెట్టి చూడండి. వెల్లకిలా తిప్పకండి. అలా తిప్పితే కదలకుండా ఉంటుంది గానీ అది భయంతో కొయ్యబారిపోవడం. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, రెండోది వెనక భాగం కింద ఉండాలి. కుందేలు ఎముకలు ఒంటి బరువులో 8 శాతంకూడా ఉండవు, వెనక కాళ్ళ కండరాలు మాత్రం చాలా బలమైనవి. గాల్లో కాళ్ళు గట్టిగా విదిలిస్తే దాని వెన్ను అదే విరగ్గొట్టుకుంటుంది. చెవులు పట్టి ఎత్తడం సంతలో చూస్తూనే ఉంటాం. ఎత్తనివ్వకండి.

గడ్డం కింద తడిగా ఉందా, చొంగ కారుతోందా, ఒక్క కంటినుంచే నీరు కారుతోందా? ఇవి పంటి గుర్తులు. కింది దవడ అంచు వెంబడి వేళ్ళతో మెల్లగా తడమండి. గడ్డలా తగిలితే అది చీము గడ్డ కావచ్చు. దవడ పళ్ళు మనకి కనబడవు, డాక్టరు పరికరంతో చూడాల్సిందే.

పొట్ట మెత్తగా, పిండిముద్దలా ఉండాలి. డోలులా బిగిసి ఉబ్బి ఉంటే వేళ్ళతో నొక్కి చూడటం ఆపేసి నేరుగా డాక్టరు దగ్గరికి బయల్దేరండి.

చెవి లోపల గోధుమరంగు పొరలు పొరలుగా పొక్కు కట్టి ఉంటే అది చెవి పురుగు. తల విదిలిస్తూ ఉంటుంది, గోకి గోకి రక్తం తెచ్చుకుంటుంది. ఆ పొక్కుని పీకకండి, కింద పచ్చిపుండు ఉంటుంది. ముక్కు మీద, గోళ్ళ చుట్టూ తెల్లటి పొట్టులా లేస్తే గజ్జి. సంతలో కొన్నవాటికి ఇది చాలా మామూలు. మందుతో నయమయ్యే జబ్బే.

పాదాల అడుగున చూడండి. మా వైపు అమ్మే ఇనుప జాలీ గూళ్ళే వీటికి శత్రువులు. జాలీ మీదే నెలల తరబడి కూర్చుంటే మడమ దగ్గర బొచ్చు ఊడి, ఎర్రబడి, పుండవుతుంది. నడుస్తూ కాళ్ళు మార్చి మార్చి ఎత్తుతుంటే, ముందు చూడాల్సిన చోటు అదే. జాలీ మీద చెక్క పలక, దాని మీద గడ్డి పరుపు వేయండి.

ఉచ్చ పోసేటప్పుడు ముక్కుతోందా, కొంచెం కొంచెం పోస్తోందా, వెనక కాళ్ళు తడిసి ఎర్రగా ఒరిసిపోయాయా? ఇవి మూత్రకోశం నొప్పి. ఉచ్చ ఎర్రగా ఉన్నంత మాత్రాన కంగారు పడొద్దు. తిన్న ఆకుల రంగు వల్ల నారింజ, ఎరుపు రంగులు వస్తుంటాయి. చిక్కగా సున్నపు తేటలా ఉన్నా చాలాసార్లు మామూలే, కుందేలు ఒంట్లో ఎక్కువైన కాల్షియం ఉచ్చలోనే పోతుంది. సుద్ద ముద్దలా పడుతుంటే, ఇసుక రేణువుల్లా తగులుతుంటే, రక్తపు చారలు కనబడుతుంటే చూపించాలి. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్ళకి నాలుగేళ్ళు దాటాక గర్భసంచి క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది. వాటిలో రక్తం కనబడితే అసలు తాత్సారం చేయకండి.

వానాకాలంలో ఇంకో పని ఉంది, రాయడానికే బాధగా ఉంటుంది గానీ రాయాలి. తోక కింద రోజుకి రెండుసార్లు చూడండి. అక్కడ తడిగా, పెంట అంటుకుని ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి. ఒక్కరోజులో అవి పురుగులై చర్మంలోకి దిగి తినేస్తాయి. బొచ్చు కింద ఒక్క పురుగు కనబడినా అది అప్పటికప్పుడు డాక్టరు చూడాల్సిన కేసు. నీళ్ళలో ముంచి కడగకండి, చలికి షాక్ అవుతుంది. కనబడిన పురుగుల్ని చిమటాతో తీస్తూనే బయల్దేరండి.

వేసవిలో మా గజపతి, గంజాం జిల్లాల ఉక్కపోత దీనికి పెద్ద గండం. వేడి 30 డిగ్రీలు దాటితే చాలు, కుందేలు అవస్థ పడుతుంది. చెవులు ఎర్రబడి కాలిపోతూ, రొప్పుతూ, మూతి చుట్టూ తడిగా ఉంటే వడదెబ్బ. చల్లటి చోటికి మార్చి, మామూలు నీళ్ళతో చెవులు తడపండి, ఐసు నీళ్ళు వద్దు. కుందేలు ఊపిరి ముక్కుతోనే తీస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే ప్రాణాపాయం.

నొప్పి ఉందని తేలాక

ముందు ఇష్టమైనది ఒకటి ముక్కు దగ్గర పెట్టి చూడండి, కొత్తిమీర రెమ్మ గానీ ముల్లంగి ఆకు గానీ. అదీ ముట్టకపోతే టైము రాసుకోండి. చెవులు ముట్టుకోండి. మిగతా రోజులకంటే చల్లగా తగిలి, ఒళ్ళు వడలిపోయినట్టుంటే ఒంట్లో వేడి పడిపోతోంది. కుందేలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 38 కంటే దిగిందంటే ప్రమాదం. గోరువెచ్చటి నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి, అది కావాలంటే దూరం జరిగేలా జాగా వదలండి. గూడు నిశ్శబ్దంగా, మసక వెలుతురులో ఉంచండి. జంటగా పెరిగినవైతే రెండోదాన్ని విడదీయకండి, ప్రయాణంలో కూడా తోడు తీసుకెళ్ళండి.

మనుషుల మందులు వేయకండి. మా వీధిలో ఒకరు కుందేలు తుమ్ముతోందని మెడికల్ షాపులో చెప్పి, చిన్నపిల్లల యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి పోశారు. మూడో రోజుకి విరేచనాలు పట్టి పోయింది. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండమైసిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి, విషం పుట్టించేవి పెరుగుతాయి. అలాగే కుక్కలకి గోమార్లు పోవడానికి కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కుందేలుకి విషం. పారాసిటమాల్ చుక్కలు, గ్రైప్ వాటర్, పసుపు నీళ్ళు, ఏదీ వద్దు. నొప్పి తగ్గించే మందులు కుందేళ్ళకి ఉన్నాయి, డాక్టర్లు ఎక్కువగా మెలాక్సికామ్ ఇస్తారు. దాని మోతాదు తూకాన్ని బట్టి ఆయనే చెప్పాలి.

సిరంజితో తిండి పెట్టడం కూడా డాక్టరుని అడిగాకే. పొట్ట ఉబ్బి ఉండగా పెడితే ప్రాణం మీదికొస్తుంది. పెట్టమంటే, ముందు పళ్ళ వెనక పక్కనుంచి, సూది తీసేసిన సిరంజితో ఒక్క మిల్లీలీటరు చొప్పున, నమిలి మింగేదాకా ఆగి ఆగి పెట్టాలి.

డాక్టరు దగ్గర

మా సరిహద్దు ఊళ్ళలో పశువుల ఆసుపత్రులు ఆవులూ మేకలతో నిండి ఉంటాయి. కుందేలుని చూసిన అనుభవం ఉన్న డాక్టరు ఎవరో ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి. రాయగడ, గుణుపురం వైపు వాళ్ళకి గరివిడి పశువైద్య కళాశాల ఉంది. బరంపురం వాళ్ళు భువనేశ్వర్ పశువైద్య కళాశాలకి వెళ్ళొచ్చు. సంచార పశువైద్య వాహనానికి ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ నంబరు 1962. అవి ముఖ్యంగా పాడిపశువుల కోసమే అయినా, దగ్గరలో డాక్టరు ఎవరున్నారో అడిగి తెలుసుకోవచ్చు.

పెద్ద బుట్టలోనో గాలి కన్నాలు చేసిన అట్టపెట్టెలోనో గడ్డి పరిచి, తెల్లవారుజామునే బయల్దేరండి. మూత మీద పల్చటి గుడ్డ కప్పండి. ఆఖరి పెంటికలు నాలుగు కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్ళండి. తూకం పుస్తకం, వీడియో కూడా. టేబుల్ మీద పెట్టగానే కుందేలు భయంతో చురుగ్గా అయిపోతుంది, "బాగానే ఉంది కదమ్మా" అంటారు. అప్పుడు వీడియో చూపించండి.

ఒడియా రానివాళ్ళకి రెండు మాటలు. కుందేలుని ఒడియాలో ఠెకుఆ అంటారు. "కాలి రాతిరు ఖాఉని" అంటే నిన్న రాత్రి నుంచి తినడం లేదని. చీటీ రాసే కాంపౌండరుకి ఈ ముక్క చెబితే, వరసలో ముందుకి పంపిస్తారు. కనీసం నన్ను రెండుసార్లు పంపించారు.

"ఏమైందో తెలియదండి, డల్‌గా ఉంది" అని చెప్పకండి. "నిన్న సాయంత్రం ఆరింటికి చివరగా తింది, రాత్రి పది తర్వాత పెంటికలు లేవు, కళ్ళు సగం మూస్తోంది, పళ్ళు కిరకిరలాడిస్తోంది" అని చెప్పండి. అడగడం మరిచిపోవద్దు: "నొప్పికి ఏం ఇస్తున్నారండీ? ఎన్ని రోజులు ఇవ్వాలి?" కారణానికి మందు ఇచ్చి నొప్పిని వదిలేస్తే అది తినదు, తినకపోతే ఆ మందు ఫలించదు.

ఇంటికి తెచ్చాక

మందు మొదటి డోసు పడ్డాక రెండు గంటలకోసారి ముఖానికి మార్కులు వేసి రాయండి. కళ్ళు ముందు తెరుచుకుంటాయి, మీసాలు తర్వాత వదులవుతాయి. మందు ప్రభావం తగ్గే వేళకి మళ్ళీ ముడుచుకుంటుంటే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి, డోసుల మధ్య సమయం మారుస్తారు. ఆపరేషన్ అయిన కుందేలైతే కుట్ల దగ్గర ఉలికిపాట్లు, నడకలో తూలడం, పొట్ట అదమడం చూడండి.

గవ్వని విశాఖ తీసుకెళ్ళాం. కింది దవడలో ఒక పన్ను మొన నాలుకని కోస్తోంది. మత్తిచ్చి అరగదీశారు. ఇంటికి వచ్చిన రోజు అది 7 మార్కుల్లో ఉంది. రెండో రోజు 4. మూడో రోజు సాయంత్రం 6:10కి నేను వంటింట్లో పప్పు తిరగమోత వేస్తుండగా గూట్లోంచి కరకరమని నమిలే చప్పుడు వచ్చింది. పొయ్యి కట్టేసి వెళ్ళి చూశాను. గరిక పరక చివర కొద్దికొద్దిగా లోపలికి పోతోంది, చెవులు రెండూ విచ్చుకుని ఉన్నాయి. పుస్తకంలో టైము రాశాను. ఆ రాత్రి ట్రేలో 38 పెంటికలు, మిరియాలంత చిన్నవి. మర్నాటికి బఠాణీలంత.